అన్ని వాద్యాలూ వచ్చిన గాయకుడు పక్కవాద్యానికి ఎందుకు కూర్చుంటాడు? (స్టీవ్ విన్‌వుడ్ గురించి)

ఎడమచేతి బేస్ (సాలిగ్రామం):

ఈ వేదికలో చేరి నాలుగేళ్ళయింది కానీ, నా అంతట నేను చర్చ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో సినిమా పాటలకూ రీరికార్డింగులకూ కీబోర్డు వాయిస్తున్నాను. గిటారూ బేసూ కూడా వాయిస్తాను, అవసరమైతే డ్రమ్స్ ముందూ కూర్చుంటాను, ట్రాకులు పాడతాను. మొన్న ఒక రీరికార్డింగులో, దర్శకుడు ఒక సన్నివేశం ఉంచాలా తీసెయ్యాలా అని తేల్చుకోలేక బయటికి వెళ్ళి ఫోన్లో మాట్లాడుతున్న గంటన్నరలో, కంప్యూటర్ మీద వాద్యధ్వనులు కూర్చడానికి కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్ కుర్రవాడు నన్నడిగాడు: "సార్, మీకన్నీ వచ్చు కదా, మరి మీ పాటలు మీరే ఎందుకు చేసుకోలేదు?" వాడికి టీ ఇప్పించి మాట మార్చాను కానీ, ఇంటికి వెళ్ళే దారి పొడుగునా నాకు స్టీవ్ విన్‌వుడ్ గుర్తొస్తూనే ఉన్నాడు.

తెలియనివారి కోసం కొంత చెబుతాను. 1948లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టినవాడు. తండ్రి పోతపని కార్ఖానాలో పనిచేస్తూ, సాయంత్రాలు శాక్సఫోనూ క్లారినెట్టూ వాయించేవాడు. ఎనిమిదేళ్ళ వయసుకే తండ్రితోనూ అన్న మఫ్‌తోనూ కలిసి వేదికెక్కాడు, చర్చిలో బృందగానం పాడాడు. ఆ రోజుల్లో అమెరికా నుంచి బ్లూస్ గాయకులు ఇంగ్లండుకు ఒంటరిగా వచ్చేవారు. వాద్యబృందాన్ని ఏ ఊళ్ళో కచేరీ అయితే ఆ ఊళ్ళోనే సమకూర్చేవారు. మడ్డీ వాటర్స్, జాన్ లీ హుకర్, హౌలిన్ వుల్ఫ్ వంటి మహామహుల వెనక ఆర్గనూ గిటారూ వాయించినవారిలో ఇంకా బడి మానని ఈ పిల్లవాడూ ఉన్నాడు. హైదరాబాదు నుంచి గాయకుడొక్కడే రైలు దిగితే, ఇక్కడ ఆర్కెస్ట్రా ఇన్‌చార్జి ఫోన్లు చేసి పదిమందిని పోగుచేసే పద్ధతి మనకు తెలియనిది కాదు. రిహార్సల్ అరగంట దొరికితే అదృష్టం. శ్రుతి ఎంతో గాయకుడు వేదిక మీదే చెబుతాడు.

అంటే విన్‌వుడ్ గాయకుడిగా పేరు తెచ్చుకొని ఆ తర్వాత ఇతరులకు వాయించినవాడు కాడు, పక్కవాద్యకారుడిగా చెవి పదును పెట్టుకున్నాకే గాయకుడైనవాడు. 1963లో స్పెన్సర్ డేవిస్ గ్రూప్‌లో చేరేటప్పటికి వయసు పదిహేను. 1966 జనవరిలో వాళ్ళ 'కీప్ ఆన్ రన్నింగ్' బీటిల్స్ పాటను దించి బ్రిటన్‌లో అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అదే ఏడు చివర వచ్చిన 'గిమ్మీ సమ్ లవింగ్'లో, పద్దెనిమిదేళ్ళవాడు అమెరికా గాయకుడు రే చార్ల్స్ గొంతు అరువు తెచ్చుకున్నట్టు పాడాడు. అటువంటి గొంతున్నవాడు ఆ తర్వాత యాభై ఏళ్ళూ మాటిమాటికీ ఇతరుల రికార్డుల్లో ఒక మూల ఆర్గన్ దగ్గరకు వెళ్ళి ఎందుకు కూర్చున్నాడన్నదే నా ప్రశ్న. నాకు ఒక అభిప్రాయం ఉంది కానీ, ముందు మీ మాట వినాలని ఉంది.

పాత రికార్డుల గది (టి. నగర్):

మంచి చర్చ. ఎడమచేతి బేస్ గారు 1966 దగ్గర ఆపేశారు. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుందని నా భావన, కాబట్టి ఆ తర్వాతి పదేళ్ళూ నేను అందుకుంటాను.

1967లో, పాటలు ఇంకా అమ్ముడవుతూ ఉండగానే, ఆయన స్పెన్సర్ డేవిస్ గ్రూప్‌ను వదిలేసి జిమ్ కపాల్డి, క్రిస్ వుడ్, డేవ్ మేసన్‌లతో ట్రాఫిక్ అనే బృందం పెట్టాడు. నలుగురూ ఆస్టన్ టిరోల్డ్ అనే పల్లెటూళ్ళో ఒక కుటీరంలో మకాం పెట్టి, పొద్దూ రాత్రీ తేడా లేకుండా వాయించుకున్నారు. 1969లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, జింజర్ బేకర్, రిక్ గ్రెచ్‌లతో బ్లైండ్ ఫెయిత్ అనే బృందం. ఆ ఏడు జూన్ 7న లండన్ హైడ్ పార్కులో ఉచిత కచేరీతో మొదలై, ఒక్క ఆల్బమ్ చేసి, అది అట్లాంటిక్‌కు రెండు పక్కలా మొదటి స్థానం చేరినా, అమెరికా యాత్ర ముగిసేసరికి ఆ బృందం చెదిరిపోయింది. దాని గురించి అంతకుమించి చెప్పుకోవలసింది లేదు. పేరున్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఏమవుతుందో మనం చెన్నై సినిమా స్టూడియోల పేట కోడంబాక్కంలో చాలాసార్లు చూశాం.

ఇప్పుడు అసలు విషయం. 1970లో ఆయన సొంత పేరుతో ఒక ఆల్బమ్ మొదలుపెట్టాడు. తొలి పాటల్లో వాద్యాలు చాలావరకు ఆయనే వాయించాడు. కొన్నాళ్ళకే కపాల్డినీ, ఆ తర్వాత క్రిస్ వుడ్‌నూ పిలిచాడు. చివరికి ఆ ఆల్బమ్ 'జాన్ బార్లీకార్న్ మస్ట్ డై' అనే పేరుతో ట్రాఫిక్ ఆల్బమ్‌గానే వెలువడింది. ఒంటరిగా చేయగలిగినవాడు, చేస్తున్నవాడు, సగం దారిలో మనుషుల కోసం కబురు పెట్టాడు. ఎడమచేతి బేస్ గారు అడిగిన ప్రశ్నకు జవాబులో సగం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

మిగతా సగం 1973లో ఉంది. ట్రాఫిక్ ఆ ఏడు విడుదల చేసిన ఆల్బమ్‌లో డ్రమ్స్ రోజర్ హాకిన్స్, బేస్ డేవిడ్ హుడ్. వీళ్ళిద్దరూ అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మజిల్ షోల్స్ అనే చిన్న ఊళ్ళో అరీతా ఫ్రాంక్లిన్, విల్సన్ పికెట్ వంటివారి రికార్డులకు వాయించిన స్టూడియో మనుషులు. పేరున్న రాక్ బృందం ఒకటి స్టూడియో వాద్యకారులను సభ్యులుగా చేర్చుకొని యాత్రకు తీసుకువెళ్ళడం అప్పట్లో తరచుగా జరిగే పని కాదు. విన్‌వుడ్‌కు వాళ్ళ విలువ తెలుసు, ఎందుకంటే తానూ ఆ జాతివాడే.

సాఫ్ట్‌వేర్ డ్రమ్మర్ (షోలింగనల్లూర్):

పెద్దలు ఏమీ అనుకోనంటే నేను ఒప్పుకోలేని మాట ఒకటి చెబుతాను. వారాంతాల్లో మా ఆఫీసు మిత్రులతో కలిసి ఒక చిన్న బ్యాండులో డ్రమ్స్ వాయిస్తాను, అంతకుమించి నాకు అర్హత లేదు. అయినా విన్‌వుడ్ జీవితంలో శిఖరం ఏదంటే, నేను నిస్సందేహంగా 'ఆర్క్ ఆఫ్ ఎ డైవర్' అంటాను. 1980 డిసెంబరు 31న విడుదలైన ఆ ఆల్బమ్‌లో గొంతు ఆయనది, డ్రమ్స్ ఆయనవి, బేస్, గిటార్, సింథసైజర్లు అన్నీ ఆయనవే. గ్లాస్టర్‌షైర్‌లోని తన పల్లెటూరి ఇంటి దగ్గర స్టూడియో కట్టుకొని, ఎవరి కాల్షీట్ కోసమూ ఎదురుచూడకుండా చేసిన పని అది. మాటలు మాత్రం ఇతరుల చేత రాయించుకున్నాడు. అందులో ముఖ్యుడు టెక్సాస్‌కు చెందిన విల్ జెనింగ్స్. అమెరికాలో ఆ ఆల్బమ్ మూడో స్థానం దాకా వెళ్ళింది, 'వైల్ యూ సీ ఎ చాన్స్' ఏడో స్థానం దాకా వెళ్ళింది. అంతకుముందు 1977లో, పేరున్న స్టూడియో వాద్యకారులను కూర్చోబెట్టుకొని చేసిన మొదటి సొంత ఆల్బమ్‌కు అందులో సగం ఆదరణ కూడా దక్కలేదు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన కోడంబాక్కమే గుర్తొచ్చింది. దిలీప్ అనే కుర్రవాడు రమేశ్ నాయుడు గారి దగ్గరా, రాజ్-కోటి గార్ల దగ్గరా, ఇళయరాజా గారి దగ్గరా కీబోర్డు వాయించి వాయించి, చివరికి తన ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో 'రోజా'తో ఎ.ఆర్. రెహమాన్‌గా బయటికి వచ్చిన తర్వాత జరిగింది అందరికీ తెలుసు. సొంత గదీ, సొంత యంత్రాలూ, కావలసినంత వ్యవధీ ఉంటేనే సెషన్ వాద్యకారుడు తన మనసులో మాట వినిపించగలుగుతాడని ఈ రెండు కథలూ చెప్పడం లేదా?

వడపళని వయొలిన్:

నాయనా, నీ ఉత్సాహం బాగుంది. 1978 నుంచి పాతికేళ్ళు కోడంబాక్కం స్టూడియోల్లో రెండో వరుసలో కూర్చొని వయొలిన్ వాయించిన దాన్ని. రాక్ సంగీతం నాకు మా అబ్బాయి ద్వారా తెలిసిందే తప్ప నేను వెతుక్కొని విన్నది కాదు. నిన్న రాత్రి నువ్వు చెప్పిన ఆల్బమూ, 'హైయర్ లవ్' ఉన్న 1986 నాటి ఆల్బమూ ఒకదాని వెంట ఒకటి వినిపించమని వాడినే అడిగాను. విన్నాక నాకు తోచింది చెబుతాను.

నేను చేరిన కొత్తలో పాట అంటే అందరూ ఒకేసారి వాయించడమే. గాయకుడు గాజు గదిలో, తబలా ఒక మూల, ముప్పై మంది తీగవాద్యాలవాళ్ళం ఇంకో పక్క, మధ్యలో కండక్టరు. పాట మూడో చరణంలో ఎవరి విల్లు జారినా, మళ్ళీ పల్లవి ముందు బిట్ నుంచి మొదలు. తప్పు ఎవరిదో అందరికీ తెలిసేది, ఎవరూ ఆ వైపు చూసేవారు కాదు. ఆ రోజుల్లో నేర్చుకున్న సంగతి ఒకటుంది. ప్రతి మనిషికీ తాళానికి ఒక వెంట్రుకవాసి ముందో వెనకో ఉండే అలవాటు ఉంటుంది. నా పక్కన కూర్చునే ఆయన ఎప్పుడూ ఒక పిసరు ముందు, నేను ఒక పిసరు వెనక. ఇద్దరి విల్లులూ కలిస్తే సరిగ్గా తాళం మీద ఉన్నట్టు వినిపించేది. ఒక్క మనిషే అన్నీ వాయించినప్పుడు, ఆయన వెనక ఉండే అలవాటున్నవాడైతే డ్రమ్స్ వెనకే, బేస్ వెనకే, కీబోర్డూ వెనకే. అందరూ ఒకే పక్కకు ఒరిగితే ఒరిగినట్టే తెలియదు, నిజమే. కానీ ఆ పాటకు ఊపిరాడనట్టు ఉంటుంది. నువ్వు శిఖరం అన్న ఆల్బమ్‌లో గొంతు అద్భుతంగా ఉంది, సింథసైజర్ల రంగులు బాగున్నాయి, తాళం మాత్రం శుభ్రంగా ఊడ్చి పెట్టిన గదిలా ఉంది. రెండో ఆల్బమ్‌లో ఆ గదిలోకి మనుషులు వచ్చారు.

ఒంటరితనం గురించి ఇంకొక్క మాట. ట్రాకుల పద్ధతి వచ్చాక ఒక స్టూడియోలో నా ఒక్కదాని చేతే ఒకే బిట్‌ను ఎనిమిదిసార్లు వాయించి, వాటిని పేర్చి ఎనిమిది వయొలిన్లు చేశారు. ఒక్క కాల్షీట్ డబ్బులిచ్చి పంపారు. డబ్బుల మాట అటుంచండి, క్యాసెట్టు విన్నప్పుడు నా తప్పే ఎనిమిదిసార్లు వినిపించింది. పక్కన ఇంకెవరైనా ఉండి ఉంటే సర్దుకుపోయేది.

గిండీ గిటార్:

వయొలిన్ అమ్మగారి మాట నేను తీసి పెట్టుకుంటున్నాను. ఒక చిన్న చేర్పు. అందరూ ఆర్గన్, ఆర్గన్ అంటున్నారు. విన్‌వుడ్ గిటారును మరిచిపోవద్దు. వేదిక మీద ట్రాఫిక్ పాట 'డియర్ మిస్టర్ ఫాంటసీ' మొదలయ్యేసరికి ఆయన ఆర్గన్ వదిలి గిటారు తగిలించుకుంటాడు, పక్కన క్లాప్టనే ఉన్నా సరే. 2008 ఫిబ్రవరిలో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్ళిద్దరూ కలిసి చేసిన కచేరీలు వినండి. 1986 ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటలోని మాండొలిన్ కూడా ఆయనదే. దానికి జేమ్స్ టేలర్ తోడు గొంతు కలిపాడు. ఇన్ని వాద్యాలు వచ్చినవాళ్ళలో చాలామంది ఏదో ఒకదానిలోనే గట్టివాళ్ళు, మిగతావి పని గడుపుకోవడానికి నేర్చుకున్నవి. ఈయన గిటారు మాత్రమే వాయించి ఉన్నా ఆ పేరు నిలబడేది.

ఎడమచేతి బేస్:

ఇక నా అభిప్రాయం చెప్పవలసిన సమయం వచ్చింది. ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

విన్‌వుడ్ చేతి కింద ఉన్న యంత్రం ఎటువంటిదో చెబితేగానీ ఆయన మనస్తత్వం తెలియదు. హామండ్ బి-3 ఆర్గన్‌కు రెండు మెట్లుగా రెండు కీబోర్డులుంటాయి, ఒక్కొక్కదానికి 61 కీలు. కాళ్ళ కింద 25 పెడళ్ళు. కీబోర్డుల పైన డ్రాబార్లనే సన్నని బద్దలు ఉంటాయి. ఒక్కొక్కటి ఎంత బయటికి లాగితే ఆ స్వరాంశం అంత గట్టిగా పలుకుతుంది. పాట నడుస్తూ ఉండగానే వాటిని లాగుతూ తోస్తూ ఉండాలి. ధ్వని బయటికి వచ్చేది లెస్లీ అనే పెట్టెలోంచి, అందులో స్పీకరు కొమ్ము గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడు వేగాన్ని మార్చే మీట కూడా వాయించేవాడి అదుపులోనే ఉంటుంది. కుడి చెయ్యి రాగం, ఎడమ చెయ్యి శ్రుతుల గుత్తి (ఒకేసారి పలికే స్వరాలు), ఎడమ కాలు బేస్, కుడి కాలు ధ్వని హెచ్చుతగ్గులు, నోటితో పాట. నేను కీబోర్డు మీద ఎడమ చేత్తో బేస్ వాయిస్తేనే నాకు ఆ పేరు పెట్టారు. ఆయన ఆ పనిని కాలికి అప్పగించి, ఆ పైన పాడతాడు. 1970లో ట్రాఫిక్ ముగ్గురితోనే వేదికెక్కినప్పుడు బేస్ గిటారిస్టు లేడు, ఆ లోటును పెడళ్ళతోనే పూడ్చాడు. 2003లో 'అబౌట్ టైమ్' చేసినప్పుడు, కావాలంటే ఎంతటి బేస్ గిటారిస్టయినా వచ్చే స్థితిలో ఉండి కూడా, మళ్ళీ ఆ కాలినే నమ్ముకున్నాడు.

ఆర్గన్ ముందు కూర్చున్నప్పుడే ఆ మనిషి నలుగురి పని చేస్తున్నాడు. ఆ నలుగురూ ఆయన ఒంట్లోనే ఒకరి మాట ఒకరు వింటూ ఉంటారు. ఆ అలవాటుతో ఇంకొకరి పాటలో కూర్చుంటే ఏమవుతుందో 1968 మే 2 తెల్లవారుజామున న్యూయార్కులోని రికార్డ్ ప్లాంట్ స్టూడియోలో జరిగింది. గిటారిస్టు జిమి హెండ్రిక్స్ ఒక క్లబ్బులో వాయించడం ముగించుకొని, కొంతమందిని వెంటబెట్టుకొని స్టూడియోకు వచ్చాడు. నొటేషన్ లేదు, శ్రుతుల కాగితం లేదు. పదిహేను నిమిషాల 'వూడూ చైల్' అలా తయారైంది. డ్రమ్స్ మిచ్ మిచెల్, బేస్ జాక్ కసాడి, ఆర్గన్ విన్‌వుడ్. మార్గళి మాసపు కచేరీల రోజుల్లో మైలాపూరులో మంచి వయొలిన్ పక్కవాద్యం విన్నవారికి ఈ రికార్డు కొత్తగా అనిపించదు. గాయకుడు ఆలాపనలో ఒక మెలిక తిప్పి ఆగితే, వయొలిన్ ఆ మెలిక తోకను మాత్రమే అందుకొని, చిన్నగా జవాబు చెప్పి, తప్పుకుంటుంది చూడండి, ఆర్గన్ అక్కడ అచ్చం అదే చేస్తుంది. హెండ్రిక్స్ గిటారు గర్జిస్తున్నంతసేపూ అడుగున ఒకే శ్రుతిని పట్టుకొని తంబురాలా ఉంటుంది. గిటారు ఊపిరి తీసుకున్న క్షణంలో పైకి వస్తుంది. ఇంకొకరి ఊపిరి ఎక్కడ ఆగుతుందో ముందే పసిగట్టడం బర్మింగ్‌హామ్‌లో బడిపిల్లవాడిగా బ్లూస్ పెద్దల వెనక కూర్చున్నప్పుడు నేర్చిన విద్య. 1971లో వచ్చిన హౌలిన్ వుల్ఫ్ లండన్ రికార్డుల్లో ఈయన పియానో, ఆర్గన్ కూడా ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

అందుకే, సొంత పాటలున్నవాడు ఇతరులకు వాయించడం చాటుకు పోవడం కాదని నేను అనుకుంటున్నాను. 1973లో లూ రీడ్‌కు, 1977లో జాన్ మార్టిన్‌కు, 1979లో మరియాన్ ఫెయిత్‌ఫుల్‌కు ఆయన వాయించాడు. ఆ రికార్డుల్లో ఆయన గొంతు కోసం వెతకవద్దు. ఆయన చెవి మాత్రం ప్రతి చోటా ఉంది.

పాత రికార్డుల గది:

1986 గురించి వయొలిన్ అమ్మగారు చెవితో పట్టుకున్న సంగతికి కాగితం మీది సాక్ష్యం నేనిస్తాను. 1982లో ఆయన మళ్ళీ అదే పద్ధతిలో, ఇంటి స్టూడియోలో అన్నీ తానే వాయించి 'టాకింగ్ బ్యాక్ టు ది నైట్' చేశాడు. సరిగ్గా ఆడలేదు. అందులోని 'వాలరీ' అనే పాట అమెరికాలో 70వ స్థానం దగ్గరే నిలిచిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు పల్లెటూరు వదిలి, నిర్మాత రస్ టైటిల్‌మన్‌తో కలిసి న్యూయార్కులో రికార్డు చేశాడు. 'హైయర్ లవ్' మొదట్లో దూకుతూ వచ్చే ఆ డ్రమ్స్ ముక్క జాన్ రాబిన్సన్‌ది, గిటారు నైల్ రోడ్జర్స్‌ది, తోడు గొంతు చాకా ఖాన్‌ది. ఆ ఏడు ఆగస్టు చివర అమెరికాలో మొదటి స్థానం, మరుసటి ఏడు గ్రామీ అవార్డుల్లో 'రికార్డ్ ఆఫ్ ది ఇయర్'. స్పెన్సర్ డేవిస్ కాలం నుంచి ఇరవై ఏళ్ళు తిరిగాక అమెరికాలో దక్కిన తొలి మొదటి స్థానం అది.

సాఫ్ట్‌వేర్ డ్రమ్మర్ గారి పక్షానా ఒక సంగతి ఉంది, దాచకూడదు. ఆ తర్వాత 1987లో 'వాలరీ'ని కొత్తగా మిక్సింగ్ చేసి మళ్ళీ విడుదల చేస్తే తొమ్మిదో స్థానానికి ఎక్కింది. అదే గొంతు, అదే మనిషి ఒంటరిగా కట్టిన పాట. కాబట్టి ఒంటరిగా చేసిన పనిలో లోపమంతా వాయింపుదే అనడానికి లేదు. కొంత మిక్సింగుది, కొంత కాలానిది.

సాఫ్ట్‌వేర్ డ్రమ్మర్:

నిన్న రాత్రి రెండు ఆల్బమ్‌లూ హెడ్‌ఫోన్లలో విన్నాను, డ్రమ్స్ మాత్రమే పట్టించుకుంటూ. అమ్మగారు చెప్పిన ఒరుగుడు నాకు నిజంగానే వినిపించింది, ఇప్పుడు వినకుండా ఉండలేకపోతున్నాను. ఈ నేరం అమ్మగారిదే. అయినా నా అభిమాన ఆల్బమ్‌ను నేను వదలను. ఆ ఒరుగుడు కూడా ఆయన గొంతు లాంటిదే కదా, ఒక మనిషి గుర్తు.

రెహమాన్ పోలికను మాత్రం సరిచేసుకుంటాను. ఆయన ఇంటి స్టూడియో కట్టుకున్నది ఒంటరిగా వాయించుకోవడానికి కాదు, వచ్చినవాళ్ళను వాళ్ళకు తోచినట్టు వాయించనిచ్చి, అందులోంచి ఏరుకోవడానికి. విన్‌వుడ్ మొదట తలుపు వేసుకున్నాడు, ఆ తర్వాత తెరిచాడు.

వడపళని వయొలిన్:

రెహమాన్ దాకా ఎందుకు, మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు లేరూ? గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టి, ఈ మద్రాసులోనే స్థిరపడి, గాత్రంతో పాటు వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాయించిన మనిషి. అంతటి గాయకుడై ఉండి వయోలా పట్టుకొని ఇంకొకరికి పక్కవాద్యం వాయించారు కదా. ఆయన పాటలో తాళంతో ఆడే ఆటలు మృదంగం తెలిసిన చేతివి. విన్‌వుడ్ గారి పాటలోనూ నాకు నచ్చినది అదే. మాటను డ్రమ్స్ దెబ్బ మీద పెట్టడు, దెబ్బ పడి మోగుతున్నప్పుడు దాని మీద కూర్చోబెడతాడు. డ్రమ్స్ తెలియని గాయకుడికి ఆ ధైర్యం రాదు.

పేర్ల సంగతి కూడా ఎవరైనా ఎత్తుతారేమో అని చూశాను. విన్‌వుడ్ గారు ఇంకొకరి రికార్డులో వాయిస్తే అట్ట వెనక పేరుండేది. నేను వాయించిన పాటలు వందల్లో ఉన్నాయి, ఒక్క అట్ట మీదా నా పేరు లేదు. "ఆర్కెస్ట్రా" అన్న మాటలో నేనూ ఉన్నాననుకొని బతికాం. ఇది ఫిర్యాదు కాదు, ఆయనకూ మనకూ ఉన్న తేడా చెబుతున్నాను. ఆ ప్రోగ్రామర్ కుర్రవాడికి మీరు టీ ఇప్పించారు సరే, జవాబు కూడా ఇవ్వండి.

ఎడమచేతి బేస్:

అమ్మగారూ, జవాబు ఇచ్చాను. మీ పోస్టు చదివాక నిన్న వాడికి ఫోన్ చేసి, నా దగ్గర నాలుగు పాటలున్నాయని, ఇరవై ఏళ్ళుగా హార్డ్ డిస్కులో ఉన్నాయని, వాటిలో డ్రమ్స్ కూడా నేనే వాయించానని, అదే వాటి జబ్బని ఇప్పుడు తెలిసిందని చెప్పాను. వాడు వెంటనే "పంపండి సార్, నేను వేరే డ్రమ్స్ పెడతాను" అన్నాడు. యంత్రంతో వద్దన్నాను.

సాఫ్ట్‌వేర్ డ్రమ్మర్ గారూ, ఈ ఆదివారం మీకు వీలవుతుందా? మా గది సాలిగ్రామంలో మేడ మీద ఉంది. కింది వాటా పెద్దాయన మధ్యాహ్నం నిద్రపోతారు, కాబట్టి ఐదు నుంచి ఏడున్నర దాకానే వాయించుకోవాలి. డ్రమ్స్ ఉన్నాయి, స్టూలు మాత్రం కుంటుతుంది, మీది తెచ్చుకోండి. నా దగ్గర పాత ఎలక్ట్రానిక్ ఆర్గన్ ఒకటి ఉంది, పెడళ్ళు 13 మాత్రమే, అందులో ఒకటి పలకదు. ముందు చేతులు కుదుర్చుకోవడానికి 'గిమ్మీ సమ్ లవింగ్' వాయిద్దాం. ఆ తర్వాత నా నాలుగింటిలో ఒకటి.

సాఫ్ట్‌వేర్ డ్రమ్మర్:

తప్పకుండా వస్తాను సార్. వడపళని వైపు మెట్రో దిగి ఆటోలో వస్తాను. ఒక సందేహం: పెడళ్ళకు పల్చటి అడుగున్న బూట్లు వేసుకోవాలని ఎక్కడో చదివాను. మీరు ఏవి వేసుకుంటారు?

వడపళని వయొలిన్:

బూట్లేమిటి నాయనా, ఈ ఊళ్ళో స్టూడియోలోకి చెప్పులతో ఎవరిని రానిచ్చారు? ఎడమచేతి బేస్ గారు ఉత్త కాళ్ళతోనే వాయిస్తారు. నేనూ వస్తాను, ఐదింటికి కాదు, ఐదున్నరకు. వయొలిన్ తెస్తాను కానీ, ఒక్కసారే వాయిస్తాను.